పదకొండు ‘బుక్’ మెథడ్లు, ఒక ఆవకాయ పార్సెల్

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆప్షనల్ పారామీటర్లు (మెథడ్‌కి, అంటే పేరు పెట్టిన కోడ్ ముక్కకి, ఇవ్వకుండా వదిలేయగల విలువలు) లేవని జావా రాసేవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా ఎక్కడో ఒకచోట దెబ్బ తింటూనే ఉంటాం. నేను దగ్గరుండి చూసినవాటిలో రాసిపెట్టుకోదగ్గ కేసు ఇది. సంస్థ పేరు, ఊళ్లు, మనుషుల వివరాలు తీసేశాను. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు మార్చాను. కోడ్‌ని కూడా తెలుగులోనే రాస్తున్నాను, చదవడానికి తేలిగ్గా ఉంటుందని. తప్పు జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది.

నేపథ్యం

అదొక పార్సెల్ సర్వీసు. ఊళ్లలో బుకింగ్ కౌంటర్లు, ఒక మొబైల్ యాప్, బయటి వ్యాపారులు తమ సిస్టమ్ నుంచి నేరుగా బుక్ చేసుకోవడానికి ఒక పార్ట్‌నర్ ఏపీఐ. మూడూ వేర్వేరు అప్లికేషన్లు, వేర్వేరు రోజుల్లో రిలీజ్ అవుతాయి. మూడింటికీ కలిపి ఒక జార్ (కంపైల్ చేసి, అంటే నడిచే రూపంలోకి మార్చి, మూటగట్టిన జావా కోడ్) ఉంది. కిరాయి లెక్క, బుకింగ్ నమోదు అందులోనే. జావా 8 రోజుల్లో మొదలైన ఆ జార్, నేను వెళ్లేసరికి జావా 17 మీద నడుస్తోంది.

అందులో ‘బుక్’ అని ఒక మెథడ్. మొదట్లో దానికి నాలుగే పారామీటర్లు: బయలుదేరే పిన్‌కోడ్, చేరే పిన్‌కోడ్, బరువు, కస్టమర్ ఐడీ. తర్వాత కూపన్ వచ్చింది. పగిలే సరుకుకి ఫ్రాజైల్ గుర్తు వచ్చింది. ‘టు-పే’ వచ్చింది. పార్సెల్ వ్యాపారంలో కిరాయి పంపేవాళ్లే కట్టేస్తే ‘పెయిడ్’ అంటారు, అందుకునేవాళ్లు కట్టాలంటే ‘టు-పే’. ఆ తర్వాత సరుకు విలువ, పికప్ టైము, ఎన్నిసార్లు డెలివరీకి ప్రయత్నించాలన్న లెక్క, ఇలా ఒక్కొక్కటే చేరాయి. వీటిలో ఏదీ ప్రతి బుకింగ్‌కీ అవసరం లేదు. కొందరికే కావాలి.

సీ ప్లస్ ప్లస్, పైథాన్, కాట్లిన్ లాంటి వాటిలో అయితే పారామీటర్ పక్కనే డిఫాల్ట్ విలువ రాసేసి వదిలేస్తాం. 1996లో తొలి వెర్షన్ విడుదలైన జావా ఆ సౌకర్యాన్ని తీసుకోలేదు. ఓవర్‌లోడింగ్‌ని (ఒకే పేరుతో, వేర్వేరు పారామీటర్లతో చాలా మెథడ్లు ఉండటాన్ని) మాత్రం ఉంచుకుంది. అందుకే జావా వాళ్లకి అలవాటైన దారి ఒకటుంది: అదే పేరుతో చిన్న మెథడ్ ఒకటి రాయడం, అందులోంచి పెద్ద మెథడ్‌ని పిలవడం, చెప్పని వాటికి డిఫాల్టులు నింపడం. ఇందులో తప్పేమీ లేదు. జావా లైబ్రరీలోని హ్యాష్‌మ్యాప్‌కి (కీ, విలువ జతలు దాచేది) కెపాసిటీ ఇచ్చినా ఇవ్వకపోయినా సరే, ఇవ్వకపోతే 16. స్ట్రింగ్‌లో సబ్‌స్ట్రింగ్‌కి చివర ఎక్కడో చెప్పకపోతే ఆఖరి దాకా. వీటిని చూసి ఎవరూ కంగారు పడరు. ఎందుకంటే చెప్పనప్పుడు ఏం జరగాలో ఎవరైనా ఊహించగలరు, పైగా ఉన్నవి రెండు మూడు రూపాలే.

ఇక్కడ పదకొండు ఉన్నాయి.

ఇన్ని ఎలా పుట్టాయో అడిగి తెలుసుకున్నాను. బద్ధకం అనుకుంటాం గానీ కాదు. కొన్నేళ్ల కిందట ఒకాయన పద్ధతిగానే, కొత్త మెథడ్ రాయకుండా ఉన్న మెథడ్‌కే ఒక పారామీటర్ కలిపాడట. జార్ కొత్తది వెళ్లింది. కౌంటర్ అప్లికేషన్‌ని మాత్రం మళ్లీ కంపైల్ చేయలేదు. పాత సిగ్నేచర్ (మెథడ్ పేరు, పారామీటర్ల టైపుల వరస) కోసం వెతికిన ఆ అప్లికేషన్ ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’ అంటూ రన్‌టైమ్‌లో పడిపోయింది. ఆ పూట కౌంటర్లలో రసీదులు చేత్తో రాశారు. ఆ రోజు నుంచి టీములో రాయని రూలు ఒకటి స్థిరపడింది: పాత ‘బుక్’ని ముట్టుకోవద్దు, పక్కన ఇంకోటి రాయి. ఆ రూలు తప్పని నేను అనను. కంపైల్ అయిపోయిన పాత అప్లికేషన్లు బతికుండాలంటే పాత సిగ్నేచర్ ఉండాల్సిందే. కాకపోతే పదకొండు సార్లు సరైన నిర్ణయం తీసుకున్నాక చేరిన చోటు మాత్రం సరైంది కాదు.

సమస్య

ఒక శనివారం సపోర్టు టీము నుంచి ఫోన్. ఒకావిడ తన కూతురికి బెంగళూరుకి రెండు ఆవకాయ సీసాలు పంపింది. కిరాయి యాప్‌లోనే కట్టేసింది, ఫ్రాజైల్ అని కూడా పెట్టింది. డెలివరీ అబ్బాయి గుమ్మం దగ్గర మళ్లీ డబ్బులడిగాడు. డబ్బాకి ఫ్రాజైల్ స్టిక్కర్ లేదు. లోపల ఒక సీసా పగిలి నూనె అట్టపెట్టెలోకి దిగింది.

“కౌంటర్ వాళ్లు తప్పు కొట్టారేమో అనుకున్నాం సార్. కానీ ఇలాంటివి ఇంకో ఆరు వచ్చాయి, అన్నీ యాప్ బుకింగులే,” అంది సపోర్టు చూసే అమ్మాయి.

అంతకు రెండు రోజుల ముందు యాప్‌లో పికప్ టైము ఎంచుకునే సౌకర్యం వెళ్లింది. ఆ మార్పులో ఒక్క లైన్ ఇది. ముందు ఇలా ఉండేది (కూపన్ స్థానంలో ఉన్న ‘నల్’ అంటే విలువ ఏమీ లేదని):

బుక్(నుంచి, కి, బరువు, కస్టమర్, నల్, సరుకు.ఫ్రాజైలా(), ఆర్డర్.టుపేనా())

పికప్ టైము పంపాలంటే తొమ్మిది పారామీటర్ల ‘బుక్’ వాడాలి. ఆ మార్పు రాసిన కుర్రాడు ఉన్నదాన్ని అలాగే ఉంచి చివర రెండు కలిపాడు:

బుక్(నుంచి, కి, బరువు, కస్టమర్, నల్, సరుకు.ఫ్రాజైలా(), ఆర్డర్.టుపేనా(), 0, పికప్)

చదివితే తప్పేమీ కనబడదు. కంపైలర్‌కీ కనబడలేదు. ఏడు పారామీటర్ల దాంట్లో వరస ఫ్రాజైల్, టు-పే. తొమ్మిది పారామీటర్ల దాంట్లో టు-పే, ఫ్రాజైల్. రెండూ బూలియన్లే, అంటే ట్రూ లేదా ఫాల్స్. ఆ తొమ్మిదిది రాసినాయన టు-పేని ముందుకి జరపడానికి కారణం కూడా ఉంది: కూపన్, టు-పే రెండూ డబ్బు సంగతులు కాబట్టి పక్కపక్కన ఉంటే బాగుంటుందనుకున్నాడు. నిజమే, బాగానే ఉంది.

“అన్నా, నేను వరస మార్చలేదన్నా, ఉన్నదే కాపీ చేశా,” అన్నాడు కుర్రాడు, ముఖం చిన్నబుచ్చుకుని. వాడన్నది అక్షరాలా నిజం.

రివ్యూ చేసినాయన బ్రౌజర్‌లో డిఫ్ (మారిన లైన్లు) చూసి ఓకే చేశాడు. ఎడిటర్‌లో అయితే ఆర్గ్యుమెంట్ల ముందు పారామీటర్ పేరు బూడిదరంగులో చూపించే వీలుంది, బ్రౌజర్‌లో కనబడదు. టెస్టులు రెండు విలువలకీ ఫాల్స్ ఇచ్చాయి. ఫాల్స్‌ని, ఫాల్స్‌ని తారుమారు చేస్తే ఏం తెలుస్తుంది?

ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేశాను, ఈ కేసులో అసలు భయపడాల్సింది ఇక్కడే ఉంది. రెండు బూలియన్లంటే నాలుగు కలయికలు. రెండూ ట్రూ అయినా, రెండూ ఫాల్స్ అయినా తారుమారు వల్ల తేడా లేదు. ఫ్రాజైల్ అయి పెయిడ్ అయినవి టు-పేగా మారాయి. వాళ్లు ఫోన్ చేసి గొడవ చేశారు కాబట్టి మనకి తెలిసింది. మరి నాలుగోది? ఫ్రాజైల్ కాకుండా టు-పే అయినవి, ఫ్రాజైల్ స్టిక్కర్‌తో పెయిడ్‌గా మారాయి. అంటే డెలివరీ అబ్బాయి పార్సెల్ ఇచ్చేసి కిరాయి అడక్కుండా వచ్చేశాడు. అలాంటప్పుడు ఫోన్ చేసి “మా దగ్గర డబ్బులు తీసుకోలేదండీ” అనేవాళ్లెవరుంటారు? ఈ సంగతి చెప్పేదాకా అకౌంట్సు వాళ్లు కూడా గమనించలేదు. వెతికితే ఫిర్యాదు వచ్చిన వాటికన్నా ఇవే ఎక్కువ తేలాయి. ఫిర్యాదుల లెక్క చూసి బగ్ సైజు అంచనా వేయకూడదని అంతకుముందు కూడా తెలుసు గానీ, ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రికి రెండు ఆర్గ్యుమెంట్లు అటూ ఇటూ మార్చి రిలీజ్ చేశాం. సోమవారం కూర్చుని, ఇది మళ్లీ రాకుండా ఏం చేయాలా అని మొదలుపెట్టాం.

ప్రయత్నించినవి

ముందు చేసింది చిన్న పని, కానీ దాన్నే మొదట చేయమని ఎవరికైనా చెబుతాను. బూలియన్లు తీసేసి ఈనమ్‌లు (పేర్లు పెట్టిన కొన్ని విలువలే పట్టే టైపులు) పెట్టాం. కిరాయి అనే ఈనమ్‌లో పెయిడ్, టు-పే. ప్యాకింగ్ అనే ఈనమ్‌లో మామూలు, ఫ్రాజైల్. ఇక తారుమారైతే కంపైలర్ ఒప్పుకోదు. అరపూట పని. బయటి జార్‌ల కోసం పాత బూలియన్ రూపాలు అలాగే ఉంచాం, మా సొంత కోడ్‌ని మాత్రం కొత్త వాటికి మార్చాం. ప్రమాదం తగ్గింది గానీ మెథడ్ల సంఖ్య తగ్గలేదు, నిజానికి పెరిగింది. పైగా కొత్త తలనొప్పి: ఒక రూపంలో ఐదో పారామీటర్ కూపన్, ఇంకో రూపంలో అదే స్థానంలో పికప్. ఎవరైనా అక్కడ ఉత్త నల్ ఇస్తే ఏది పిలవాలో తేల్చుకోలేక కంపైలర్ ఆగిపోతుంది. దాంతో జనం నల్ ముందు టైపు రాసి కాస్ట్ చేయడం మొదలుపెట్టారు. నల్‌ని స్ట్రింగ్‌గా కాస్ట్ చేసిన లైను కనబడితే ఆ డిజైన్‌లో ఏదో తేడా ఉందని నేను లెక్కేసుకుంటాను.

టీములో ఒకతను కాట్లిన్ అన్నాడు. ఈ ఒక్క క్లాసూ కాట్లిన్‌లో రాస్తే డిఫాల్టులు భాషలోనే వస్తాయి కదా అని. నాకూ కాట్లిన్ ఇష్టమే. కానీ పిలిచేవాళ్లు జావాలో ఉన్నారు. కాట్లిన్ డిఫాల్టులు జావా వైపు కనబడాలంటే ‘జేవీఎం ఓవర్‌లోడ్స్’ అన్న ఎనొటేషన్ (కోడ్ మీద రాసే గుర్తు) పెట్టాలి. అది చేసేదేమిటంటే, చివరి నుంచి డిఫాల్టు ఉన్న పారామీటర్లని ఒక్కొక్కటే తీసేస్తూ ఓవర్‌లోడ్లు పుట్టించడం. అంటే మా పదకొండు మెథడ్ల తంతునే కంపైలర్ చేత చేయించినట్టు. పికప్ మాత్రమే ఇచ్చి కూపన్ వదిలేయాలంటే జావా నుంచి అప్పుడూ కుదరదు. వద్దనుకున్నాం.

సీ షార్ప్ నుంచి వచ్చిన ఇంకో ఇంజనీరు, “మా దాంట్లో అయితే ఈ గొడవే ఉండేది కాదు,” అన్నాడు. 2010లో సీ షార్ప్ 4తో వాళ్లకి ఆప్షనల్ పారామీటర్లు, పేరు పెట్టి ఆర్గ్యుమెంట్ పంపడం రెండూ వచ్చాయి. అతను చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. పేరు పెట్టి పంపడం ఉంటే ఆవకాయ సీసా భద్రంగా చేరేది. కానీ డిఫాల్టు సంగతి వేరు. సీ షార్ప్‌లో డిఫాల్టు విలువ పిలిచే చోట, కంపైల్ చేసేటప్పుడే అచ్చుపడిపోతుంది. లైబ్రరీలో డిఫాల్టు మార్చినా, పిలిచే అప్లికేషన్‌ని మళ్లీ కంపైల్ చేసేదాకా అది పాత విలువే పంపుతుంది. వేర్వేరు రోజుల్లో రిలీజ్ అయ్యే మూడు అప్లికేషన్లున్న మా చోట అది ఇంకో రకం శనివారం తెచ్చిపెట్టేది.

ఈ మాటలు జరుగుతుండగానే పార్ట్‌నర్ ఏపీఐ చూసే సీనియర్ ఒకాయన మ్యాప్ పంపే పద్ధతి రాసేశాడు. అవసరమైన నాలుగూ మామూలుగా, మిగతావన్నీ పేరు, విలువ జతలుగా ఒక మ్యాప్‌లో. రాయడానికి హాయిగా ఉంది. రెండు రోజులు తిరక్కుండానే ఒక చోట ‘ఫ్రాజైల్’ అన్న కీలో ఒక అక్షరం తప్పు పడింది. మ్యాప్‌కి ఏ కీ అయినా ఒకటే. చదివే కోడ్‌కి ఆ పేరు దొరకలేదు, డిఫాల్టు తీసుకుంది, ఊరుకుంది. టెస్టింగులోనే దొరికింది కాబట్టి బతికాం. తెలియని కీ వస్తే ఎర్రర్ ఇవ్వమని సరిచేయొచ్చు. కానీ కంపైలర్ చేసిపెట్టే పనిని మనం రన్‌టైమ్‌లో చేయడానికి కూర్చుంటే జావా ఎందుకు వాడుతున్నట్టు?

తర్వాత నేనే ఒక పొరపాటు ప్రయోగం చేశాను. జావా 8లో వచ్చిన ‘ఆప్షనల్’ టైపునే పారామీటర్లకి పెట్టి చూశాను. పేరు చూసి మోసపోవడానికి సరిగ్గా సరిపోతుంది. అది ప్రధానంగా మెథడ్ తిరిగి ఇచ్చే విలువ కోసం ఉద్దేశించింది. పారామీటర్‌గా పెడితే పిలిచేవాళ్లు ఏదీ ఇవ్వకపోయినా ప్రతిదానికీ ‘ఆప్షనల్.ఎంప్టీ’ అని రాయాలి. ఐదారు ఎంప్టీలు వరసగా పేర్చిన లైను చూసి నాకే నవ్వొచ్చింది. అంతలో ఒక పాత కోడ్ ఆ ఆప్షనల్ స్థానంలోనే నల్ పంపింది. నల్ పాయింటర్ ఎక్సెప్షన్. ఒక పూటలో వెనక్కి తీసేశాను.

లాంబాక్ దగ్గర తగిలిన దెబ్బ

బిల్డర్ అన్న మాట అందరి నోటా ఉంది. అవసరమైన విలువలు ఇచ్చి, కావలసినవి ఒక్కొక్కటి పేరుతో కలుపుకుంటూ వెళ్లి, చివర ఆబ్జెక్ట్ కట్టించుకోవడం. జావా సొంత లైబ్రరీ కూడా ఈ దారి పట్టింది. జావా 11లో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్ రిక్వెస్టులు బిల్డర్‌తోనే కడతాం. థ్రెడ్‌కి ఒకప్పటి నుంచి ఉన్న కన్‌స్ట్రక్టర్ల (ఆబ్జెక్ట్‌ని పుట్టించే కోడ్) వరస పక్కన, జావా 21కి బిల్డర్ పద్ధతి చేరింది.

చేత్తో రాయడం దేనికని కౌంటర్ టీము లాంబాక్ (ఇలాంటి కోడ్‌ని తనే పుట్టించే లైబ్రరీ) వాడింది. క్లాసు మీద ‘బిల్డర్’ ఎనొటేషన్ పెడితే కోడ్ అదే పుట్టిస్తుంది. డెలివరీ ప్రయత్నాల ఫీల్డుకి పక్కనే డిఫాల్టు రాశారు: 3. స్టేజింగ్‌లో (రిలీజ్‌కి ముందు పరీక్షించే చోట) టెస్టు పార్సెళ్లన్నీ ఒక్క ప్రయత్నం కూడా జరక్కుండానే ‘పంపినవారికి వాపసు’ అని పడ్డాయి. లాంబాక్ బిల్డర్ ఫీల్డు పక్కన రాసిన విలువని పట్టించుకోదు. దానికి ‘బిల్డర్ డిఫాల్ట్’ అని విడిగా ఇంకో ఎనొటేషన్ పెట్టాలి. పెట్టకపోతే పూర్ణాంకానికి సున్నా, ఆబ్జెక్టుకి నల్. ప్రయత్నాలు సున్నా, కాబట్టి వాపసు. కంపైల్ చేసేటప్పుడు లాంబాక్ హెచ్చరిక ఇచ్చింది కూడా. ఆ బిల్డ్‌లో అప్పటికే వందల హెచ్చరికలు పారుతున్నాయి, ఎవరు చదువుతారు?

ఎనొటేషన్ కలిపితే సరిపోయేది. కానీ ఆ ‘3’ దగ్గర మాకు అసలు విషయం బయటపడింది.

మలుపు

ఏ దారి పట్టినా ముందు ఇప్పుడున్న ప్రవర్తన పోకుండా చూడాలి కదా. అందుకని పదకొండు మెథడ్లకీ ఒకే రకం సమాచారం ఇచ్చి, ఏ రూపం ఏ బుకింగ్ రాస్తోందో పక్కపక్కన పెట్టే టెస్టు రాశాం. పది ఒకలా ఉన్నాయి. ఆరు పారామీటర్లదొకటి తేడా. అది గొలుసులో లేదు. పెద్ద మెథడ్‌ని పిలవకుండా పని అంతా తనే చేసుకుంటోంది. అందులో డెలివరీ ప్రయత్నాలు 2. మిగతావాటిలో 3. కౌంటర్లు వాడేది సరిగ్గా ఆ ఆరు పారామీటర్లదే.

ఎవరో మర్చిపోయారనుకున్నాను. మూడు చేసేస్తే సరి అని చేతులు దురద పెట్టాయి. అడిగి చూద్దామని ఆపరేషన్సు మేనేజరు దగ్గరికి వెళ్లాను.

“మూడేంటండీ? కౌంటర్ పార్సెల్‌కి రెండే. రసీదు వెనక అచ్చేసి ఉంటుంది, చూడలేదా మీరు?”

“మరి యాప్‌లో మూడు ఉంది కదండీ?”

“యాప్‌లో మూడు. అది యాప్ షరతుల్లో ఉంది. రెండూ కరెక్టే.”

రసీదు తిప్పి చూశాను. నిజమే, చిన్న అక్షరాల్లో ఉంది.

అప్పటిదాకా మేం మాట్లాడుకున్నదంతా, పారామీటర్ ఇవ్వకుండా వదిలేయడం భాషలో ఎలా రాయాలి అన్న దాని గురించే. అసలు అడగాల్సింది, వదిలేసినప్పుడు ఎవరు నిర్ణయించాలి, ఆ నిర్ణయం ఎక్కడ రాసి ఉంది అని. డెలివరీ ప్రయత్నాలు ఆప్షనల్ పారామీటర్ కానే కాదు. ఎక్కడ బుక్ చేశారన్నది తెలియకుండా దానికి డిఫాల్టు చెప్పలేం. పదకొండు మెథడ్ల వెనక ఆ సంగతి దాక్కుంది, అంతే. కాబట్టి ‘ఎక్కడ బుక్ అయింది’ అన్నది తప్పనిసరి చేశాం. కౌంటర్, యాప్, పార్ట్‌నర్ అని ఒక ఈనమ్. ప్రయత్నాల సంఖ్య దాన్నుంచే వస్తుంది.

ఇదే కళ్లజోడుతో మిగతావి చూస్తే కూపన్ దొరికింది. కూపన్ స్థానంలో నల్ వస్తే కోడ్ ఏం చేస్తుంది? కస్టమర్‌కి వర్తించే వాటిలో మంచి కూపన్ తనే వెతికి వేస్తుంది. మంచిదే. మరి కూపన్ వద్దనుకునేవాళ్లు? పార్ట్‌నర్లకి ఒప్పందం రేటు ఉంటుంది, కూపన్ పడకూడదు. వాళ్ల కోడ్ పంపేదీ నల్లే. పార్ట్‌నర్ కస్టమర్లకి ఏ కూపనూ అర్హత లేకపోవడం వల్ల ఇన్నాళ్లూ బండి నడిచింది. ‘ఏమీ చెప్పలేదు’, ‘వద్దని చెప్పాను’ ఈ రెండూ ఒకే నల్‌లో ఇరుక్కున్నాయి. పెళ్లి పిలుపు అందనివాళ్లూ, అంది కూడా రానివాళ్లూ భోజనాల లెక్కలో ఒకటే కావచ్చు గానీ చుట్టరికంలో ఒకటి కాదు.

పనిచేసింది

చివరికి చేత్తోనే రాశాం. ‘బుకింగ్’ అనే ఒక క్లాసు, దాన్ని తీసుకునే ఒక్క ‘బుక్’ మెథడ్. పిలిచే చోట ఇలా ఉంటుంది:

బుకింగ్.నుంచి(పిన్1).కి(పిన్2).వివరాలు(బరువు, కస్టమర్, యాప్)
.ప్యాకింగ్(ఫ్రాజైల్)
.కిరాయి(పెయిడ్)
.పికప్(సాయంత్రం)

మొదటి లైన్‌లోవి తప్పనిసరి. ‘నుంచి’ పిలిస్తే వచ్చే ఆబ్జెక్ట్‌కి ‘కి’ తప్ప ఇంకో మెథడ్ లేదు. దానికి ‘వివరాలు’ తప్ప లేదు. ఒకటి మర్చిపోతే కంపైల్ కాదు. ఈ మెట్ల పద్ధతి ప్రతి పారామీటర్‌కీ పెట్టమని ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు. ప్రతి మెట్టుకీ ఒక ఇంటర్‌ఫేస్ రాయాలి, చదివేవాడికి అదొక బరువు. పిన్‌కోడ్లకి మాత్రం పట్టుబట్టాను. రెండూ ఒకే టైపు, పక్కపక్కన ఉంటే తారుమారవుతాయి. పైగా మా కిరాయి రెండు దిక్కులా ఒకటే కాబట్టి, తారుమారైనా కిరాయి చూసే టెస్టు ఏదీ పట్టుకోదు. బరువు, కస్టమర్, ఛానెల్ (ఎక్కడ బుక్ అయిందన్నది) మూడూ మూడు టైపులు. వాటిని కంపైలరే కాపలా కాస్తుంది.

కూపన్‌కి రెండు మెథడ్లు: ‘కూపన్(కోడ్)’, ‘కూపన్‌వద్దు()’. ఏదీ పిలవకపోతే వెతికి వేస్తుంది. డిఫాల్టులన్నీ ఈ ఒక్క ఫైల్లో, పైనుంచి కిందకి చదివితే పది లైన్లు. ఆపరేషన్సు మేనేజరుకి ఆ పది లైన్లు చూపించి, ఒక్కొక్కటీ ఆయన నోటితో అవుననిపించుకున్నాను.

రికార్డు (విలువలు మోయడానికే ఉన్న జావా క్లాసు రకం) ఎందుకు వాడలేదని చాలామంది అడిగారు. జావా 16లో రికార్డులు స్థిరపడ్డాయి, మేం 17లో ఉన్నాం. వాడాలనే మొదలుపెట్టాం. కానీ రికార్డు పబ్లిక్ అయితే దాని ప్రధాన కన్‌స్ట్రక్టర్ కూడా పబ్లిక్‌గానే ఉండాలి, దాచడానికి భాష ఒప్పుకోదు. అంటే ఎవరైనా పది విలువలు వరసగా పేర్చి పిలవొచ్చు. మళ్లీ మొదటికే వస్తాం. అందుకే మామూలు ఫైనల్ క్లాసు, ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్.

బుకింగ్‌కి ఒక ఆబ్జెక్ట్ ఎక్కువ పుడుతుంది, స్పీడు పోదా అని ఒకరు టెన్షన్ పడ్డారు. ఒక బుకింగ్‌కి డేటాబేస్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లి వస్తున్నామో లెక్కపెట్టి చూపించాను. చర్చ అక్కడితో అయిపోయింది.

పాత మెథడ్లని తీసేయలేదు. పదకొండింటి లోపలి కోడ్ తీసేసి, ప్రతిదాంట్లో కొత్త ‘బుకింగ్’ కట్టి పంపే ఒక్క వాక్యం పెట్టి, డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని గుర్తు వేశాం. పాతగా కంపైలైన అప్లికేషన్లు పడిపోవు. దీనివల్ల ఇంకో లాభం కలిసొచ్చింది. మెథడ్ లోపల ఒక్క వాక్యమే ఉంటే ఇంటెలిజే ఎడిటర్‌లో ఇన్‌లైన్ అన్న రీఫ్యాక్టరింగ్ ఆ వాక్యాన్ని పిలిచిన ప్రతి చోటా అచ్చుగుద్దినట్టు పెడుతుంది. చేత్తో మారిస్తే వారం పట్టే పని, తారుమారు చేయడానికి కొత్త అవకాశాలు కూడా. మధ్యాహ్నం టీ వేళకి అయిపోయింది. మిగిలిందల్లా ‘కూపన్(నల్)’ అని తేలిన నలభై పైచిలుకు చోట్లు. వాటిని మాత్రం ఒక్కొక్కటీ చూసి, ఆ కోడ్ ఉద్దేశం ఏమిటో అడిగి, తీసేయడమో ‘కూపన్‌వద్దు’ పెట్టడమో చేశాం. ఈ పనికి మూడు రోజులు పట్టింది. కోడ్ కన్నా మనుషుల్ని అడగడానికే ఎక్కువ టైము పట్టింది.

పనిచేసినదాంట్లోనూ ఒక తప్పు

రెండు వారాలకి మళ్లీ ఫ్రాజైల్ ఫిర్యాదు. ఈసారి తిరగబడింది: పుస్తకాల పార్సెల్‌కి ఫ్రాజైల్ చార్జీ పడింది. ఒక పార్ట్‌నర్ కోడ్‌లో ఒకే కస్టమర్ పార్సెళ్లని లూప్‌లో బుక్ చేస్తున్నారు. తప్పనిసరి విలువలు ఒకటే కదా అని లూప్ బయట ఒకసారి కట్టి, లోపల సరుకుని బట్టి ‘ప్యాకింగ్(ఫ్రాజైల్)’ పిలిచారు. మేం రాసిన మెథడ్లు అదే ఆబ్జెక్ట్‌ని మార్చి తిరిగి ఇస్తున్నాయి. మొదటి పార్సెల్ గాజు సామాను, ఆ గుర్తు వెనక వచ్చే అన్నింటికీ అంటుకుంది.

అలా వాడొద్దని డాక్యుమెంట్‌లో రాద్దామన్నారు. నేను వద్దన్నాను, వాళ్లు రాసిన కోడ్ చదవడానికి సరిగ్గానే ఉంది, మన ఆబ్జెక్టే మోసం చేసింది. ప్రతి మెథడ్ కొత్త ఆబ్జెక్ట్ ఇచ్చేలా, పాతది మారకుండా ఉండేలా తిరిగి రాశాం. మొదటిసారే ఇలా రాయాల్సింది. బిల్డర్ అంటే మారేదే అన్న అలవాటు నా చేతిని అటు తీసుకుపోయింది. లోపల ప్రతి మెథడ్ ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్‌కి అన్ని విలువలూ వరసగా పంపుతుంది కాబట్టి, తారుమారు ప్రమాదం పూర్తిగా పోలేదు. ఒక ఫైల్లోకి చేరింది. ఆ ఫైలుకి టెస్టు రాసేటప్పుడు ప్రతి విలువా వేరేలా ఉండేలా చూసుకున్నాం, ఒక్క ఫాల్స్ పక్కన ఇంకో ఫాల్స్ లేకుండా. ప్యాకింగ్, కిరాయి నాలుగు కలయికలూ అందులో ఉన్నాయి. ఫ్రాజైల్, పెయిడ్ కలిసిన టెస్టుకి కుర్రాడు ‘ఆవకాయ’ అని పేరు పెట్టాడు. రివ్యూలో ఎవరూ మార్చమనలేదు.

ఇదంతా చూసి టీములో కొందరు రెండు పారామీటర్ల మెథడ్లకి కూడా బిల్డర్లు రాయడం మొదలుపెట్టారు. వాటిని రివ్యూలో ఆపాల్సి వచ్చింది. ఒకటో రెండో ఆప్షనల్ విలువలు, వేర్వేరు టైపులు, డిఫాల్టు ఎవరైనా ఊహించగలిగేది అయితే ఇప్పటికీ ఓవర్‌లోడే రాస్తాను. నేను గీసుకున్న గీత ఇంతే: ఒకే టైపువి రెండు పక్కపక్కన పడ్డాయా, లేక పిలిచేవాళ్లు మధ్యలో నల్ రాయాల్సి వచ్చిందా. రెండింటిలో ఏదైనా అయితే అప్పుడు ఆలోచిస్తాను.

నేను ఆ పని వదిలేసి వచ్చే నాటికి పదకొండింటిలో ఎనిమిది తీసేశాం. మూడు మిగిలాయి. ఒక పార్ట్‌నర్ పాత జార్‌తో కంపైల్ చేసిన అప్లికేషన్ ఇంకా వాటినే పిలుస్తోంది. వచ్చే రిలీజ్‌లో మారుస్తామని చెప్పారు. ఆ మూడింట్లో తొమ్మిది పారామీటర్లది కూడా ఉంది, టు-పే ముందు, ఫ్రాజైల్ తర్వాత.